కంచం మోగించిన ఆదివారాలు

మా ఆఫీసు టవర్ పై అంతస్తు మీద పోయిన నెల ఒక డేగను ఆకాశంలోకి వదిలే ఉత్సవం మొదలైంది. ఉత్సవం అని ఎందుకంటున్నానంటే అక్కడ చేరిన సామగ్రి అలాంటిది: కంపెనీ ముద్ర వేసిన తెర, దాని ముందు ఎర్ర తివాచీ, ఫొటోల కోసం డ్రోన్, డేగ బొమ్మ ఉన్న కేకు, ముఖాలకు రంగులు పూయించుకున్న ఉద్యోగుల పిల్లలు, 'ప్రకృతితో మనం' అని రాసిన టీ షర్టులు. టీ షర్టులు ఒక్కొక్కటీ ఒక్కో ప్లాస్టిక్ సంచిలో వచ్చాయి. విప్పి పారేసిన సంచులు గాలికి పిట్టగోడ దాటి చెరువు వైపు తేలుతూ పోయాయి. ఆ సాయంత్రం ఆ మేడ మీద నుంచి స్వేచ్ఛగా ఎగిరినవి అవే.

డేగ ఎలా దొరికిందో ఉపన్యాసాల్లో ఎవరూ చెప్పలేదు. పావురాన్ని తరుముతూ వచ్చి మా టవర్ అద్దానికే కొట్టుకుని పడింది. ఆకాశం అచ్చుగుద్దినట్టు కనిపించేలా ఆ అద్దాన్ని ప్రత్యేకంగా తెప్పించామని మా లిఫ్టులో ఒక ఫలకం గొప్పగా చెబుతూ ఉంటుంది. ఆకాశమే అనుకుని వచ్చిన పక్షిని పడగొట్టాం, ఎత్తుకొచ్చాం, స్టోర్ రూములో రెండు మూడు వారాలు ఉంచాం, ఉద్యోగులందరి చేత ఓటు వేయించి 'టర్బో' అని పేరు పెట్టాం. నాకు డేగల సంగతి తెలుసని ఎవరో చెప్పారట, పెట్టె తెరిచేటప్పుడు పక్కన నిలబడమన్నారు. మా వైస్ ప్రెసిడెంటు కొత్త తోలు గ్లవ్స్ తొడుక్కుని, రెండు చేతులతో పక్షిని పైకి విసరడం ఎలాగో ఫొటోగ్రాఫర్ ముందు గాల్లో రిహార్సల్ చేసుకున్నాడు. పావురాల్ని వదిలే పెళ్లివాళ్లను ఎక్కడో చూసి ఉంటాడు.

మూత తెరిచారు. మనిషి ముఖం చూసిన అడవి డేగ పెట్టె మూలకు ఒదిగి, రెక్కలు విప్పి బుస కొట్టాలి. ఇది మా ముఖాలు చూసి నోరు బార్లా తెరిచి అరిచింది. తుప్పుపట్టిన తలుపును ఆపకుండా తీసి వేస్తున్నట్టు, సాగదీసి, మళ్లీ మళ్లీ అరిచింది. "అయ్యో, మనతో మాట్లాడుతోంది!" అని ఎవరో అన్నారు. చప్పట్లు కొట్టారు. నా చేయి నాకు తెలియకుండానే మూత మీదకు వెళ్లింది. ఆ అరుపు నాకు తెలుసు. గూట్లో పిల్ల తల్లిని తిండి అడిగే అరుపు అది. మనిషిని చూసి అలా అరిచే డేగను వదిలిపెడితే పావురాన్ని పట్టదు. ఏ బాల్కనీలోనో వాలి ఎవరో ఒకరి చేతిని అడుగుతుంది. ఆ ఎవరో ఒకరు పంజరం తేవచ్చు, రాయి తీయవచ్చు, లేదా తలుపు మూసుకోవచ్చు. ఎటు చూసినా దాని కథ ముగిసినట్టే.

ఆ అరుపు నేను మొదట విన్నది హఫీజ్‌పేటలో, మా మేనత్త ఇంట్లో.

బాలానగర్‌లో టూల్ డిజైన్ చదివే రోజుల్లో నేను ఆమె దగ్గరే ఉండేవాణ్ని. అత్తమ్మ పేరు ప్రమీల, పశువుల డాక్టరు. సర్కారు పశువుల దవాఖానలో బర్రెలకూ మేకలకూ వైద్యం చేసి, మధ్యలోనే ఉద్యోగం మానేసి, రైల్వే స్టేషన్ వెనక తాతల నాటి బర్రెల కొట్టాన్ని గాయపడ్డ డేగలకూ గద్దలకూ గుడ్లగూబలకూ దవాఖానగా మార్చింది. అటవీ శాఖ ఇచ్చిన అనుమతి కాగితం వాకిట్లోనే గోడకు కొట్టి ఉండేది, వచ్చినవాళ్లు మొదట అది చదవాలని. ఎవరూ చదివేవాళ్లు కాదు. లోకల్ రైలు వెళ్లిన ప్రతిసారీ కొట్టం రేకులు సన్నగా వణికేవి. రోగులకు రైలంటే భయం పోయేది. పోవచ్చు, రైలు ఎవరికీ తిండి పెట్టదు, ఎవరినీ పంజరంలో పెట్టదు అనేది అత్తమ్మ.

ఆ ఇంటి పొద్దు పేపరుతో మొదలయ్యేది. బోర్లించిన ప్లాస్టిక్ తొట్టి మీద కూర్చుని, స్టీలు గ్లాసులో చాయ్ తాగుతూ పేపరంతా చదివి, తర్వాత దాన్ని విడదీసి కొట్టంలో నేల మీద పరిచేది. పూర్తి పేజీ ఇళ్ల ప్రకటనలను విడిగా తీసి, అన్నిటికన్నా ఎక్కువ రెట్ట వేసే గద్ద కింద పరిచేది. "ఇగో, వీటికి తగిన జాగ గిదే" అనేది. సాయంత్రానికి ఈతకొలనూ, నవ్వుతున్న కుటుంబమూ సున్నం చిమ్మినట్టు అయిపోయేవి. ఆ ఇంట్లో ఫ్రిజ్‌లు రెండు. ఒకదాంట్లో పప్పు, పెరుగు, పచ్చడి ఉండేవి. రెండోదాంట్లో చచ్చిన కోడిపిల్లలు, కౌజు పిట్టలు ఉండేవి. చుట్టాలొస్తే ఏది తెరవకూడదో అత్తమ్మ చెప్పేది కాదు. "ఒక్కపారి తెరిస్తే మల్ల రారు" అనేది. ఫినాయిలు, తడి గోనె, ఫ్రిజ్‌లోంచి తీసి గోరువెచ్చని నీళ్ల గిన్నె పక్కన పెడితే చలి విడుస్తున్న కోడిపిల్లలు: ఈ మూడు వాసనలూ కలిస్తే నాకు ఆ ఇల్లు. ఇప్పుడు మా ఆఫీసులో యంత్రం పెట్టి నిమ్మగడ్డి వాసన చల్లుతారు. పీల్చిన ప్రతిసారీ దేన్ని దాచడానికా అనిపిస్తుంది.

కొట్టంలో నియమాలు కొన్ని ఉండేవి, అన్నీ ఒక్క సూత్రం నుంచి వచ్చినవే. లోపల మాట్లాడకూడదు. పక్షి కళ్లలోకి చూడకూడదు. పేరు పెట్టకూడదు. తిండి పెట్టే చేయి కనపడకూడదు. చివరి దానికోసం నేను గోడలోంచి ప్లాస్టిక్ గొట్టం దింపాను. చేయీ వెలుతురూ కనపడకుండా దానికి రెండు వంపులు పెట్టాను. కోడిపిల్ల పైనుంచి జారి, ఆకాశం నుంచి రాలినట్టు లోపల పడేది. కిటికీలకు ఊచలకు బదులు నిలువుగా వెదురు బద్దలు కట్టాం, ఈకలు చిక్కుకుని విరగకుండా. సూత్రాన్ని అత్తమ్మ ఒక్క మాటలో చెప్పేది: "మనల్ని చూస్తే అసయ్యం పుట్టాలె. గదే దాని ప్రాణం." మనిషిని అసహ్యించుకోవడం అడవి పక్షికి రెక్కలంత అవసరం అని అంత సూటిగా చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ గుణం అత్తమ్మకు కూడా పుట్టుకతో వచ్చిందేమోనని నా అనుమానం.

పక్షుల్ని తెచ్చేవాళ్లను చూస్తే ఆ సూత్రం ఇంకా బాగా అర్థమయ్యేది. గద్దను తెచ్చి గరుడపక్షి అని దండం పెట్టేవాళ్లు ఒక రకం. పక్షిని గేటు దగ్గర దింపి, దానికంటే ముందు తమ ఫొటో తీసుకునేవాళ్లు ఇంకో రకం. "మా పిల్లలు బాగా అటాచ్ అయిపోయారు, రోజూ వీడియో కాల్ చేయొచ్చా?" అని అడిగేవాళ్లు మూడో రకం. నాలుగో రకం ఒకాయన ఉండేవాడు, ఏ పక్షిని తెచ్చినా ముందు దాని వల్ల వాస్తుకేమైనా ఇబ్బందా అని అడిగేవాడు. "మీ ఇంటికి కాదు సారు, మీ ఇంటి వల్ల దీనికి" అని గేటు వేసేది అత్తమ్మ.

ప్రసాదరావు గారు ఏ రకంలోనూ ఇమడలేదు. అన్ని రకాల్లోంచీ కొంచెం కొంచెం ఉండేవాడు. కొండాపూర్ వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీకి సెక్రటరీ. ఆ కమ్యూనిటీకి ఇంగ్లండులోని ఏదో పల్లెటూరి పేరు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఐటీలో మేనేజరై, సెక్రటరీ పదవిని రెండో ఉద్యోగంలా మోస్తున్న మనిషి. ఒక ఆదివారం చిలకల పంజరం పట్టుకుని మా గేటు దగ్గర నిలబడ్డాడు. పంజరంలో షాహీన్ ఉంది. ఖాజాగూడ లాంటి రాతి గుట్టల మీద గూడు పెట్టే డేగ అది. నల్లటి తల, కళ్ల కింద మీసం లాంటి మచ్చ, ముదురు గోధుమరంగు కళ్లు. ఒక ఏడాది కూడా నిండని పిల్ల. రెక్కల ఈకలు, తోక ఈకలు తీగలకు కొట్టుకుని పాత చీపురులా విరిగి ఉన్నాయి. ముక్కు పసుపుపచ్చగా ఉంది.

"క్లబ్‌హౌస్ అద్దానికి కొట్టుకుందండి" అన్నాడు ప్రసాదరావు గారు. "పదిపన్నెండు రోజులుగా మా బాత్రూములో పెట్టుకున్నానండి. రాకీ అని పేరు పెట్టాం."

"ఆడది" అంది అత్తమ్మ. "తిండేం పెట్టిన్రు?"

"చికెనేనండి. మా ఇంట్లో ఎవరం ముట్టమండి, నేనే చేతికి కవరు తొడుక్కుని ముక్కలు కోశాను. బోన్‌లెస్, స్కిన్‌లెస్ తెచ్చానండి, గొంతుకు అడ్డం పడకుండా. వీడియో చూసి పసుపు, ఉప్పు వేసి మూడుసార్లు కడిగి మరీ పెట్టాను."

అత్తమ్మ పక్షి ముక్కును, ఆ తర్వాత ఆయన్ను చూసింది. "అల్లం ఎల్లిగడ్డ మర్చిపోయిన్రా సారు?"

"అంటే... వేయాలాండి?"

నేను తిండి గొట్టం మొదలయ్యే వెనక గదిలోకి వెళ్లి నవ్వుకుని వచ్చాను. బయట అత్తమ్మ కేకలు వేస్తోంది. బొక్కలూ ఈకలూ మింగి, అరగనిది ఉండలా కక్కితేనే దాని కడుపు శుభ్రపడుతుందని, మెత్తటి ముక్కలు పెట్టి ఎముకలు గుల్ల చేస్తున్నారని, ఉప్పు విషంతో సమానమని. ప్రసాదరావు గారు తల దించుకుని విన్నాడు. విని, "పాపం ఆకలేస్తుందేమోనండి" అని పంజరం మీదకు వంగాడు. అప్పుడే షాహీన్ నోరు తెరిచి ఆ అరుపు అరిచింది. రెక్కలు వణికిస్తూ, ఆయన ముఖంలోకి చూస్తూ. ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా! నన్ను గుర్తుపడుతుందండి!"

అత్తమ్మ కేకలు ఆగిపోయాయి. కేకలు మానేసిందంటే విషయం చెడ్డదని నాకు అర్థమైంది.

రాత్రి భోజనం దగ్గర లెక్క చెప్పింది. భుజం దెబ్బ మానుతుంది. ఈకలు సరిచేయవచ్చు. మూడోది మాత్రం చెప్పలేం. "గుడ్డుల నుంచి మనిషి చేతిల పెరిగినదైతే ఇగ ఆశ ఇడిచిపెట్టుడే. గిది రాళ్ల మీద పుట్టింది. తల్లి దగ్గర ఏట నేర్సింది. మధ్యల గీ సారు తల్లయి కూసున్నడు. మర్శిపోతే గుట్ట మీదికి పోతది. మర్శిపోకుంటే జూలకు పోతది, జాలీ ఎనక ముసలిదయి సస్తది." అన్నం కలుపుతూ ఇంకో మాట అంది: "ప్రేమట, ప్రేమ. కత్తితోని పొడిసినా గాయం మానుతుండె."

భుజం అనుకున్నట్టే మానింది. ఈకల పని మాది, అంటే అత్తమ్మదీ నాదీ. విరిగిన ఈకలు వాటంతట అవి రాలి కొత్తవి రావాలంటే చాలా నెలలు పడుతుంది. అన్నాళ్లు మనుషుల మధ్య ఉంటే మూడో సమస్య మానదు. అందుకని పాత ఈకను కుదురు దగ్గర కోసి, వెనకటి డేగలు రాల్చినవి దాచిపెట్టిన వాటిలోంచి సరైన ఈకను ఎంచి, రెండు ఈకల బోలు కాడల్లోకి ఒకే వెదురు పుల్ల దూర్చి జిగురుతో అతకాలి. ఎడమది ఎడమకే, కుడిది కుడికే, అదే వరసలోది. గుండ్రటి పుల్ల పెడితే ఈక గాలికి తిరిగిపోతుంది. అగరుబత్తి పుల్లలు తెచ్చి, బాలానగర్‌లో సన్న ఆకురాయితో మూడంచులుగా అరగదీశాను. మా వర్క్‌షాపు గురువు చూసి ఏ యంత్రంలో వాడతావని అడిగాడు. డేగలో అంటే తిట్టాడు. అత్తమ్మ పక్షిని తువాలులో చుట్టి, కళ్లకు గుడ్డ టోపీ తొడిగి పట్టుకుంది. నేను ఒక్కో ఈకా అతికాను. ఊపిరి కూడా పక్కకు తిరిగి వదిలాను. తర్వాత ఎన్నో డిజైన్లు చేశాను. వాటిలో చాలావరకు, సీసా మూత ఇంకాస్త త్వరగా పాడయ్యేలా చేయడం లాంటివి. చదువుకున్న దానికి నాకు సిగ్గు కలిగించని పని ఆ మూడంచుల పుల్లలే.

ఈకలు నిలిచాయి. అరుపు ఆగలేదు. కొట్టం ముందు పరిచిన గులకరాళ్ల మీద ఎవరి చెప్పు చప్పుడు వినిపించినా లోపలి నుంచి మొదలుపెట్టేది. ప్రసాదరావు గారు ఆదివారం ఆదివారం వచ్చేవాడు. గేటు దాటనిచ్చేది కాదు అత్తమ్మ. ఆయన గేటు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నా చాలు, లోపల పక్షి గోడకేసి కొట్టుకుంటూ పిలిచేది. ఆ పిలుపు విని తృప్తిగా నవ్వి, వదిలే రోజు ఏర్పాట్లు చెప్పేవాడు.

"కమ్యూనిటీ లాన్‌లోనేనండి. పంతులు గారు వస్తారు, కొబ్బరికాయ కొడతాం. కార్పొరేటర్ గారిని పిలిచాం. పిల్లలందరూ డేగ మాస్కులు పెట్టుకుంటారు. మీకు శాలువా కప్పుతామండి డాక్టర్ గారూ."

"శాలువా దానికి కప్పున్రి. జూల సలిపెడ్తది" అంది అత్తమ్మ.

ఆయన నవ్వు ఆగిపోయింది. "జూ ఏంటండి?"

అత్తమ్మ గేటు తెరిచింది. ఆయన్ను తొట్టి మీద కూర్చోబెట్టి, తను నిలబడి, జూ సంగతి అంతా చెప్పింది. అటవీ శాఖ వాళ్లు నెల చివర్లో చూడటానికి వస్తారని, మనిషిని చూసి అరిచే డేగను వదలడానికి ఒప్పుకోరని, ఒప్పుకోకపోవడమే న్యాయమని. లోపల పక్షి అంతసేపూ అరుస్తూనే ఉంది. "ఇన్నరా? గది మిమ్మల్ని బువ్వ అడుగుతున్నది. రేపు గుట్ట మీద గూడ గట్లనే అడుగుతది. ఎవడో వస్తడు, సంకల పెట్టుకుని పోతడు."

"మరేం చేయాలండి?"

"మీరే దాన్ని బెదిరియ్యాలె."

"నేనా?" అన్నాడు. "మీరో, ఈ అబ్బాయో చేయొచ్చు కదండీ. నన్ను నమ్ముకుని ఉందండి అది."

"గందుకే మీరు. మమ్మల్ని చూసి అది నోరు తెరుస్తలేదు. ఏ సప్పుడు ఇన్నా మీరొచ్చిన్రనే ఆశ. గా ఆశ సావాలె. మీ మొకం జూసే సావాలె."

లోపలికి వెళ్లి పెద్ద స్టీలు కంచం, ఇనుప గరిటె తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. పక్షి గోడలకు కొట్టుకుని కొత్త ఈకలు విరక్కుండా లోపల చుట్టూ గోనెలు వదులుగా వేలాడదీశాం. ఏర్పాటు తేలికైనది. ఆయన తలుపు తీసి ముఖం చూపించాలి, పక్షి నోరు తెరవగానే కంచం మోగించి మీదికి నడవాలి, వెంటనే బయటికి రావాలి. తిండి మాత్రం ఎవరూ లేని వేళ గొట్టంలోంచే.

మొదటి ఆదివారం ఆయన తలుపు తీశాడు. షాహీన్ తను కూర్చునే చెక్క దిమ్మ దిగి, నడవడం చేతకాని గోళ్లతో గెంతుకుంటూ ఆయన కాళ్ల దగ్గరికొచ్చి, నోరు తెరిచి, రెక్కలు వణికించింది. ఆయన గరిటెతో కంచం అంచును తాకించాడు. టింగుమని శబ్దం వచ్చింది. పక్షి ఇంకొంచెం దగ్గరికొచ్చింది.

"హారతిస్తున్నరా సారు?" అంది అత్తమ్మ వెనక నుంచి.

ఆయన మళ్లీ కొట్టాడు. ఈసారి కంచానికి సొట్ట పడింది. అరిచాడు కూడా, "పో! పోవే!" అని, ఆఫీసులో ఎవరి మీదా అరిచి ఎరగని మనిషి గొంతుతో. పక్షి వెనక్కి పడి, గోనెల్లో చిక్కుకుని, విడిపించుకుని మూలకు చేరింది. అక్కడి నుంచి ఇంకోసారి అరిచింది, సన్నగా, ప్రశ్నలా. ఆయన మళ్లీ కంచం ఎత్తాడు. బయటికి వచ్చి కొళాయి దగ్గర చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. నేను తువాలు ఇచ్చాను. "మా ఇంట్లో చెప్పకండి" అన్నాడు. ఎవరికి, ఏం చెప్పకూడదో నేను అడగలేదు. ఆయనకూ తెలిసి ఉండదు.

తర్వాతి ఆదివారాలు ఆయన మానేస్తాడని నేను అనుకున్నాను. అలాంటివాళ్ల మీద నాకు అప్పటికే ఒక అభిప్రాయం ఉండేది, ఇప్పటికీ ఉంది. కార్లో ఏసీ వేసుకుని అడవిని ప్రేమిస్తారు. ఆయన మానలేదు. మధ్యలో రెండు మూడు సాయంత్రాలు కూడా ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు, మెడలో ఐడీ కార్డుతో. కంచం తీసుకునేవాడు, మోగించేవాడు, కడుక్కునేవాడు, వెళ్లిపోయేవాడు. కార్పొరేటర్ మాట, కొబ్బరికాయ మాట ఎత్తడం మానేశాడు. అరుపు కూడా ఒక్కోసారి ఆలస్యంగా మొదలయ్యేది, ఒక్కోసారి సగంలో ఆగేది. ఒక ఆదివారం ఆయన గులకరాళ్ల మీద అడుగు పెట్టాడు. లోపలి నుంచి చప్పుడు లేదు. తలుపు తీశాడు. షాహీన్ ఎదుటి గోడకు అతుక్కుపోయి, ఈకలన్నీ నిక్కబొడుచుకుని, నోరు తెరిచి పాములా బుస కొట్టింది. కంచం ఎత్తాల్సిన అవసరం రాలేదు.

"నన్ను చూసి భయపడిందండి" అన్నాడు బయటికొచ్చి. అత్తమ్మ వంటింట్లోకి వెళ్లి తన స్టీలు గ్లాసులో చాయ్ పోసుకొచ్చి ఆయనకిచ్చింది. ఆ గ్లాసులో ఇంకొకరు చాయ్ తాగడం నేను చూడటం అదే మొదలు. "జర చక్కెర ఎక్కువేసిన. తాగున్రి" అంది. మర్యాదలో ఆమె వెళ్లగలిగినంత దూరం అది.

అటవీ శాఖ ఆయన వచ్చాడు, బుస విన్నాడు, సంతకం పెట్టాడు. కొన్నాళ్లు ఖాళీ మైదానంలో పొడవాటి తాడు కట్టి ఎగిరించి బలం వచ్చిందో లేదో చూశాం. ఆ తర్వాత ఒక తెల్లవారుజామున ముగ్గురమే ఖాజాగూడ గుట్ట ఎక్కాం. ప్రసాదరావు గారు బూట్లు జారుతున్నా పెట్టెను నాకివ్వలేదు, ఛాతీకి హత్తుకుని మోశాడు. లోపలి నుంచి ఒక్క చప్పుడూ రాలేదు. పెట్టెను చదును రాయి మీద ఉంచి, తలుపుకు కట్టిన తాడు పట్టుకుని దూరంగా బండ వెనక్కి వెళ్లి లాగాం. ఎవరూ దాన్ని విసరలేదు. అది బయటికి నడిచొచ్చింది. ఒళ్లు దులుపుకుంది. నేను అతికిన ఈకలు ఏవో, దాని సొంతవి ఏవో నాకే గుర్తుపట్టరాలేదు. తల తిప్పి మమ్మల్ని చూసింది. ఆ చూపులో డాక్టరూ లేదు, తల్లిలా తినిపించినవాడూ లేడు, పుల్లలు అరగదీసినవాడూ లేడు. పోల్చుకోనక్కర్లేని మూడు మనిషి ముఖాలు, అంతే. అంచు మీద నుంచి కిందికి ఒరిగి, లోయ గాలిలోకి పడి, పైకి లేచి, రాళ్ల అవతలకి వెళ్లిపోయింది.

"ఒక్కసారి కూడా తిరిగి చూడలేదండి" అన్నాడు ప్రసాదరావు గారు.

"సూస్తే మల్ల మీకు కంచం పని పడుతుండె" అంది అత్తమ్మ.

ఇప్పుడు ఆ గుట్టకు ఒక పక్క కోసేశారు. కోసినచోట లేచిన టవర్లకు ఆ రాళ్ల పేర్లే పెట్టారు. మా అద్దాల మేడ నుంచి మిగిలిన సగం గుట్ట కనిపిస్తుంది. దాన్ని చూస్తూ పనిచేసే కుర్చీల కోసం మా వాళ్లు కొట్టుకుంటారు. అప్పటికీ ఇప్పటికీ తేడా గుట్టలో లేదనుకుంటాను, గుట్టల్ని అప్పుడూ కోశారు. తేడా మనుషుల్లో. ప్రసాదరావు గారిలాంటి మామూలు మనిషి, శాలువాలూ కొబ్బరికాయలూ తప్ప తెలియని మనిషి, ఒక పక్షి బతకాలంటే అది తనను అసహ్యించుకోవాలని విని, ఇంటికెళ్లి ఆలోచించి, తిరిగొచ్చి కంచం అందుకున్నాడు. ఇప్పుడు మా అంతస్తులో ఒక్కరు కూడా ఒక్క పూట ఎవరికీ నచ్చకుండా ఉండలేరు. మొక్క నాటితే మొక్క చప్పట్లు కొట్టాలి. కుక్కకు బిస్కెట్ వేస్తే కుక్క కెమెరా వైపు చూడాలి. ప్రేమించినందుకు రసీదు అడగడమే వీళ్ల ప్రకృతి ప్రేమ.

మేడ మీద నేను మూత వేసేశాను. డ్రోన్ ఇంకా తిరుగుతోంది.

"వాట్ హ్యాపెండ్?" అన్నాడు వైస్ ప్రెసిడెంటు, గ్లవ్స్ చేతులు గాల్లోనే ఉంచి.

"ఇది రెడీగా లేదు సార్. మనుషులకు అలవాటు పడింది."

"మంచిదే కదా? ఫ్రెండ్లీగా ఉంది."

"ఫ్రెండ్లీగా ఉంది కాబట్టే చస్తుంది సార్."

"కేకు కట్ చేద్దామా మరి?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. చేశారు కూడా. పెట్టె ఉన్నా లేకపోయినా కేకుకు తేడా రాలేదు. నేను పక్కకు జరిగి అత్తమ్మకు ఫోన్ చేశాను. జుట్టు నెరిసింది, గొంతు నెరవలేదు. మొత్తం విని ఒక్కటే అడిగింది. "ఎవరు తినిపించిండ్రు?"

హెచ్‌ఆర్‌లో మేఘన అని ఒకమ్మాయి. స్టోర్ రూములో రోజూ లంచ్ టైములో చికెన్ ముక్కలు నోటికి అందిస్తూ వీడియోలు తీసింది. వాటిని లక్షలమంది చూశారని ఉపన్యాసంలో చెప్పారు. చెప్పాను.

"గా పిల్లనే తోల్కరా. అటవీ శాఖకు నేను చెప్తా. కంచం ఈడనే ఉంది."

మేఘన వస్తుందని నేను అనుకోలేదు. ఒక్కమాటా అడగకుండా బ్యాగు తీసుకుని కార్లో కూర్చుంది, పెట్టె ఒళ్లో పెట్టుకుని. హఫీజ్‌పేట చేరేదాకా ఆమె ఏదైనా మాట అన్నప్పుడల్లా పెట్టెలోంచి అరుపు వచ్చేది. "నన్నే పిలుస్తోంది" అంది ఒకసారి, సంతోషంగా. ఇంకాసేపటికి, "పాపం, నన్నే పిలుస్తోంది" అంది ఇంకో గొంతుతో. కొట్టం దగ్గర అత్తమ్మ ఆమెను తొట్టి మీద కూర్చోబెట్టి అప్పట్లాగే అంతా చెప్పింది, ఒక్క మాటా మెత్తబరచకుండా. పక్షిని లోపల వదిలాం. గోనెలు మళ్లీ వేలాడదీశాం. ప్రసాదరావు గారి సొట్ట ఉన్న కంచం అత్తమ్మ మేఘన చేతిలో పెట్టింది.

తలుపు తెరిచాం. డేగ గెంతుకుంటూ వచ్చి, ఆమె బూట్ల దగ్గర నోరు తెరిచింది. మేఘన గరిటెతో కంచం అంచును తాకించింది. టింగుమంది.

"హారతిస్తున్నవా బిడ్డా?" అంది అత్తమ్మ.

మేఘన ఫోన్ నా చేతికిచ్చింది, వీడియో తీయడానికి కాదు, చేయి ఖాళీ చేసుకోవడానికి. కళ్లు తుడుచుకోకుండానే గరిటె తల దాకా ఎత్తింది.